కిటికీ మూసేలోగా

"పాలు పల్చగా తియ్యకే. వచ్చేది మసీదు పెద్దలు" అంది మా అత్త, నా వెనకాల నిలబడి.

కోరుపీటకి అటో కాలు ఇటో కాలు వేసుకుని కొబ్బరి కోరుతున్నాను. పొద్దున ఆసుపత్రి నుంచి వచ్చిందగ్గర్నుంచీ ఇదే పని. చిక్కటి పాలు కందిగింజల్లోకి, రెండోసారి పిండినవి కర్రపెండలంలోకి, పిప్పి కోళ్ళకి. నా వంట మీద ఆవిడకి నమ్మకం లేదు గానీ పని చెప్పాలంటే మాత్రం నా పేరే గుర్తొస్తుంది. కోరిన కొబ్బరి పళ్ళెం అందించబోతే చెయ్యి చాపలేదు. "అక్కడ పెట్టు" అంది. కింద పెట్టాను. అప్పుడు వంగి తీసుకుంది. నేను ఆసుపత్రి వార్డు నుంచి తిరిగొచ్చిన రోజు నుంచీ మా అత్త బి సలామా నా చేతిలోంచి ఏదీ అందుకోదు. నేను వండింది తింటుంది, నేను ఉతికింది కట్టుకుంటుంది, నేను తోమిన గ్లాసులో నీళ్ళు తాగుతుంది. చేతిలోంచి మాత్రం పుచ్చుకోదు. మత్తు పొడి పట్టుకున్న చేతులట. అదే పొడి పట్టుకున్న ఆవిడ కొడుకు చేతుల్ని మటుకు రోజూ కళ్ళకద్దుకుంటుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు పళ్ళెం కింద పెట్టేసి నా పని నేను చూసుకుంటున్నాను.

ఈ ఇల్లు మాది కాదు. లికోనిలో మా సందుకి కాస్త అవతల ఉండే బి ఖేరిది. పెద్దావిడల్ని ఇక్కడ పేరుకి ముందు బి అని పిలుస్తాం. ఇవాళ వాళ్ళింట్లో ఇఫ్తారు. పొద్దువాలే ముందు నా మొగుడు సెఫు ప్రసంగం. 'మత్తు నుంచి మసీదుకి' అని దానికో పేరు కూడా పెట్టుకున్నాడు. వాడకట్టులో ఆడవాళ్ళంతా వంటకి వచ్చారు. నన్నూ పిలిచారు. పిలవకపోయినా వచ్చేదాన్నే. పెరట్లో ఆ చివర గది ఉంది చూడండి, అందులో బి ఖేరి కోడలు జుహురా పడి ఉంది. రేపు మధ్యాహ్నంలోగా ఆ పిల్లని ఫెర్రీలో పాయ దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే నాకు దక్కదు. ఈ మాట ఎవరితో చెప్పినా, ముందు కొబ్బరి కోరు, తర్వాత చూద్దాం అంటున్నారు.

నేను చేసే పనిని మా ఆసుపత్రిలో తోడు అంటారు. పొడికి అలవాటు పడ్డవాళ్ళని వార్డులో పెట్టి ఒళ్ళు కుదుటపడ్డాక ఇంటికి పంపిస్తారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ దగ్గర నర్సు కళ్ళముందు ఒక సిరప్పు తాగి వెళ్ళాలి. మెథడోన్ అంటారు దాన్ని. ఇంటికివ్వరు. అది తాగితే పొడి కోసం ఒళ్ళు విరుచుకుపడకుండా ఉంటుంది, మనిషి లేచి అన్నం వండుకుంటుంది, పిల్లకి జడ వేస్తుంది. తాగకపోతే అరోస్తో అని, పొడి అందని ఒంటి బాధ మొదలవుతుంది. ఎముకల్లో చీమలు పాకుతాయి, కడుపు కిందికీ పైకీ కారిపోతుంది, పక్కనే కన్నబిడ్డ ఏడుస్తున్నా పొడి తప్ప ఇంకేదీ వినపడదు. వార్డు నుంచి బయటికి వచ్చిన మొదటి వారాలే గండం. పాత మోతాదుని ఒళ్ళు మర్చిపోయి ఉంటుంది. మనసు మర్చిపోదు. మళ్ళీ అంతే తీసుకుంటారు, పీల్చిన ఊపిరి బయటికి రాదు. నా పక్క మంచం కిబిబి అలాగే పోయింది, వాళ్ళ పిన్ని ఇంటి స్నానాలగదిలో. అందుకే ఆ వారాల్లో నాలాంటివాళ్ళు వెంట ఉంటాం. ఇంటికి వెళ్ళి లేపుతాం, ఫెర్రీ దగ్గర తోపులాటలో చెయ్యి పట్టుకుంటాం, పొడి అమ్మేవాడు నిలబడే మూల దాటేదాకా నోటికొచ్చిన సొల్లు కబుర్లు చెప్తాం. డాక్టరు చెప్పిన మాట వాళ్ళకి సగమే వినపడుతుంది. నేను మోచెయ్యి మడతలో మచ్చ చూపించి, నేనూ ఇలాగే దేకానమ్మా అంటే, అప్పుడు నా వైపు తిరుగుతారు.

ఇదే పని సెఫు కూడా చేస్తాడు. ఆయనది ఉద్యోగం, నాది సేవ. ఒకే ఇంట్లో ఇద్దరికి జీతమెందుకని ఆసుపత్రి కమిటీలో ఎవరో అంటే, నిజమేనని ఈయనే ముందు తలూపాడు. ఆయన మీటింగులకి వెళ్తాడు, ఫోటోల్లో మధ్యలో నిలబడతాడు. నేను వార్డులో వాంతులు ఎత్తుతాను, సిరప్పు కప్పులు కడుగుతాను, మధ్యాహ్నానికల్లా ఇంటికి పరుగెత్తి మా అత్తకి చేప పులుసు పెడతాను. ఆడవాళ్ళ కోసం కూడా ఒక గుంపు పెడదామని నేనే అడిగాను. పెట్టారు, సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకి ఏ ఇంటి కోడలు పొయ్యి దగ్గర్నుంచి లేస్తుంది? ఎవరూ రావట్లేదని గుంపు మూసేశారు.

సెఫు మానేసి ఇంటికొచ్చిన రోజు మా అత్త మేకని కోయించింది. ప్రవక్త మీద మౌలూద్ గీతాలు చదివించింది. వీధి వీధంతా వచ్చి తిన్నారు. అదే నేను వచ్చిన రోజు పెరటి గుమ్మంలోంచి రమ్మంది. నా కంచం, నా గ్లాసు, నా చాప వేరే. "మా వాడి ముఖం చూసి ఉండనిస్తున్నా" అంది. పొడి నా చేతికి మొదట ఇచ్చింది వాడే అత్తయ్యా అని ఆ రోజు నోటిదాకా వచ్చింది. పెళ్ళైన మూడో నెల, నాకు పంటినొప్పి. "రెండు దమ్ములు లాగు, ఇట్టే తగ్గిపోద్ది" అన్నాడు. తగ్గింది. నొప్పితో పాటు అన్నీ పోయాయి. అయినా మగాడు పడిలేస్తే మొనగాడంటారు. ఆడది లేస్తే ఎక్కడ పడిందీ, ఎవరితో పడిందీ అని లెక్కలు తీస్తారు.

జుహురా సంగతి చెప్తాను. చిన్నపిల్ల. వాళ్ళాయన లారీ తోలతాడు, సరిహద్దు దాటి వెళ్తే నెలకి గానీ రాడు. రెండేళ్ళ పాప. వార్డులో ఉన్నన్నాళ్ళూ నా కొంగు వదల్లేదు. ఇంటికెళ్ళాక కూడా నేను సందు మొదట్లో నిలబడి దగ్గితే చాలు, బురఖా వేసుకుని వచ్చేసేది. ఫెర్రీలో నా భుజం మీద తల పెట్టి కునికేది. "అక్కా, ఎప్పటికైనా మా అత్త పాపని నా పక్కలో పడుకోనిస్తుందంటావా?" అని అడిగేది. పడుకోనిస్తుందే అనేదాన్ని. ఇంతలో రంజాన్ వచ్చింది.

నెలవంక కనిపించిన మర్నాడు వెళ్ళి దగ్గాను. రాలేదు. మళ్ళీ దగ్గాను. చివరికి లోపలికే వెళ్ళాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"అక్కా, మా అత్త నన్ను తెల్లారకముందే సహరీ తినడానికి లేపింది! పేరు పెట్టి లేపింది. 'జుహురా, లే తల్లీ, రెండు ముద్దలు తిను, వేళైపోతోంది' అంది. నా కంచం వాళ్ళ కంచాల పక్కనే పెట్టింది. పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టింది."

 తిట్టి ఆపితే ఎలాగోలా లాక్కెళ్ళేదాన్ని. ప్రేమగా పిలిచి ఆపితే ఏం చెయ్యను? నన్ను ఎవరైనా అలా పేరు పెట్టి లేపితే, నేను మాత్రం ఆ కంచం వదిలి వెళ్తానా?

"రోగికి ఉపవాసం లేదే పిచ్చిదానా. పగలు సిరప్పు తాగినా తప్పు లేదు. బాగయ్యాక ఆ రోజులు ఉండి తీర్చుకోవచ్చు. పద."

"నేను రోగిని కాదక్కా" అంది నవ్వుతూ. "నన్నిప్పుడు కోడలంటున్నారు."

వెనకనుంచి బి ఖేరి వచ్చింది. చెడ్డమనిషి కాదు, అదే బాధ. నన్ను చూసి మర్యాదగానే మాట్లాడింది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పోస్తున్నారమ్మా మీ ఆసుపత్రోళ్ళు. మీ ఆయన ఏ సిరప్పు తాగి మానేశాడు చెప్పు? దేవుణ్ణి గట్టిగా పట్టుకున్నాడు, మానేశాడు. నా కోడలూ మానేస్తుంది. ఈ నెలంతా ఉపవాసం ఉంటే ఒళ్ళు అదే శుభ్రమైపోతుంది."

ఏ సిరప్పో నాకు తెలుసు. మా ఆయన సిరప్పు తాగుతాడు. రోజూ తాగుతాడు. జనం రాకముందే వెనక తలుపులోంచి వచ్చి, తాగి, పొడుగాటి కంజు అంగీ చేతికొసతో మూతి తుడుచుకుని వెళ్తాడు. అది ఆసుపత్రిలో నాకూ నర్సు సిస్టర్ కడ్జోకీ తెలుసు, ఇంట్లో మా అత్తకి తెలుసు. అంతే. తోడు పనిలో చేరేటప్పుడు మా చేత ఒక ప్రమాణం చేయిస్తారు, ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర నోరు జారకూడదని. జారితే ఆ పని పోయినట్టే. నేనూ చేశాను ఆ ప్రమాణం, మనస్ఫూర్తిగానే చేశాను.

అలా రోజులు గడిచాయి. సిరప్పు ఒంట్లో ఉన్నంతవరకు జుహురా నిలబడింది. అయిపోయాక మంచం పట్టింది. రోజూ వెళ్ళేదాన్ని, రోజూ ఒట్టి చేతుల్తో తిరిగొచ్చేదాన్ని. ఇవాళ పొద్దున సిస్టర్ కడ్జో నన్ను పక్కకి పిలిచింది. "రేపు పన్నెండింటికి కిటికీ మూసేలోగా ఆ పిల్ల రావాలి రిజికీ. రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్ళీ వార్డు నుంచి మొదలెట్టాలి, పండగ దాటేదాకా మంచం దొరకదు. ఈ నెల ఒక్కటీ సాయంత్రం కిటికీ తెరవండని పైవాళ్ళని ఎన్నిసార్లు అడిగానో, పలకరు." అని కళ్ళు తుడుచుకుంది. పండగ దాకా ఆ పిల్ల ఎక్కడ బతుకుతుంది!

అప్పుడే సెఫు వెనక తలుపులోంచి వచ్చాడు. తాగాడు. కప్పు నాకిచ్చాడు. కొళాయి దగ్గర ఎవరూ లేరు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"సెఫూ, ఒక్క మాట సాయం చెయ్యి. బి ఖేరికి చెప్పు, నేనూ తాగుతున్నానని. పోనీ నీ సంగతి వద్దు, రోగికి మినహాయింపు ఉందనైనా చెప్పు. నువ్వు చెప్తే వింటారు. నేను ఎంత మొత్తుకున్నా వినట్లేదు."

"మతి పోయిందా నీకు? ఇవాళే వాళ్ళింట్లో నా ప్రసంగం. నన్ను చూసి ఎంతమంది కుర్రాళ్ళు మారుతున్నారో తెలుసా?"

"నిన్ను నమ్మి ఎంతమంది సిరప్పు మానేస్తున్నారో నీకు తెలుసా?"

"నెమ్మదిగా మాట్లాడు." చెయ్యి విదిలించుకున్నాడు. "నీకేం, పోవడానికి పరువంటూ ఉంటేగా. నాకలా కాదు. అయినా ఒక పిల్ల కోసం ఇంత రాద్ధాంతమేంటి? సందుకొకత్తి దొరుకుతుంది అలాంటిది."

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. అలాంటిదాన్నే కదా నేను. కప్పు కడిగి బోర్లించాను. ఫెర్రీ దాటి ఇక్కడికొచ్చి కొబ్బరి కోరడానికి కూర్చున్నాను.

కొబ్బరి పని ముగిశాక మా అత్త కన్నుగప్పి పెరటి గదిలోకి వెళ్ళాను. తలుపు తియ్యగానే వాసన గుప్పుమంది. జుహురా గోడకి ఆనుకుని ముడుచుకుపోయి ఉంది. పెదాలు పగిలి, కళ్ళు గుంటల్లో పడి, ముక్కూ కళ్ళూ ఏకంగా కారుతూ. వెక్కిళ్ళు. గదిలో పాప లేదు.

"పాపేదే?"

"కక్కుకుంటున్నానని తీసుకెళ్ళిపోయారు. ఉపవాసం చక్కగా ఉన్నరోజు ఇస్తారట." నా వైపు చూసి నవ్వబోయింది. "తప్పలేదక్కా. ఒక్కరోజు కూడా తప్పలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

ఆమె గుప్పిట బిగించి ఉంది. నాకు అర్థమైపోయింది. ఆ గుప్పిట బిగింపు నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఎక్కడిదే అది?"

"తెప్పించుకున్నా. తెచ్చిన మనిషి పేరడక్కు." గుప్పిట గుండెలకి అదుముకుంది. "లాక్కోకు అక్కా. లాక్కుంటే గోడ దూకి పోతాను, నిజంగా పోతాను. నేనేం ఇప్పుడు తీసుకోవట్లేదుగా. పొద్దుగూకే మగ్రిబ్ నమాజు దాకా ఆగుతాను. మసీదులో బాంగు ఇచ్చాక, ఖర్జూరం తిని, ఉపవాసం విప్పాక తీసుకుంటాను. ఉపవాసం మాత్రం పాడుచెయ్యను."

నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. యా అల్లా, ఆ పిల్ల పొడిని చేతిలో పెట్టుకుని పొద్దువాలేదాకా ఆగుతోంది! అంత బలం నాకెప్పుడూ లేదు. ఆ బలమంతా చావు కోసం దాచిపెట్టుకుని కూర్చుంది.

"జుహురా, వినవే. అది పాత మోతాదు. నీ ఒళ్ళు తట్టుకోలేదు. కిబిబి సంగతి చెప్పానుగా నీకు. రేపొక్కరోజు నాతో రా. సిరప్పు తాగు. ఇదంతా పోతుంది."

"సిరప్పు తాగితే మళ్ళీ పెరటి కంచమేగా." వెక్కిళ్ళ మధ్య అంది. "మీ ఆయన మానలేదా అక్కా, సిరప్పు లేకుండా? ఎంత అరోస్తో వచ్చినా బిగపట్టుకున్నానని చెప్తాడటగా. నేనే ఎందుకు బిగపట్టుకోలేకపోతున్నాను? నాలోనే ఏదో పుచ్చు ఉందక్కా. దేవుడికి నేను అక్కర్లేదు."

ఆ చెమట ముఖాన్ని నా ఒళ్ళో పెట్టుకున్నాను.  నాలుక చివర ఉంది ఆ మాట. నేను చాటుగా చెవిలో చెప్పినంత మాత్రాన బి ఖేరి నమ్ముతుందా? 'అక్క నన్ను బుజ్జగించడానికి చెప్తోంది' అని ఈ పిల్లయినా నమ్ముతుందా? ఇంతలో బయట మా అత్త కేక వేసింది. "ఏమే రిజికీ, ఎక్కడ చచ్చావ్? బొండాలు వెయ్యాలి!"

పెరడుకీ ముంగిటికీ మధ్య తెర కట్టారు. తెరకి అవతల మగవాళ్ళు, ఇవతల మేము. నేను బొండాలు పాకంలో ముంచి తీస్తుంటే సెఫు గొంతు మొదలైంది. మంచి గొంతు. అప్పట్లో ఆ గొంతుకే పడ్డాను. ఆడవాళ్ళు పని ఆపి తెర వైపు తిరిగారు. బి ఖేరి కొంగు చెవి మీంచి వెనక్కి తోసుకుని మరీ వింటోంది.

"నాకు ఏ డాక్టరూ అక్కర్లేకపోయాడు. ఏ సీసా అక్కర్లేకపోయింది. సజ్దాలో నేలకి తల ఆనించాను, ఆయన ముందు ఏడ్చాను, లేచేసరికి నేను వేరే మనిషిని" అంటున్నాడు సెఫు. అవతల 'మాషా అల్లా' అన్నారు. "ఒళ్ళు బిగపట్టుకున్నాను. మగాడన్నాక మనసు గట్టిగా ఉండాలి. నేను లేవడమే కాదు, బురదలో దొర్లుతున్న నా భార్యని కూడా ఈ చేతులతోనే బయటికి లాగాను."

ఆడవాళ్ళంతా నా వైపు చూశారు. కొందరు జాలిగా, కొందరు నా అదృష్టానికి అసూయగా. నా ముఖం మండిపోయింది. ముందు మానేసింది నేను. చేపల మార్కెట్టు వెనక మురుగులో పడున్నవాణ్ణి వీపున వేసుకుని ఆసుపత్రికి మోసింది నేను. దారిపొడుగునా నా మెడ మీద కక్కుకుంటూనే ఉన్నాడు. సరే, అది పోనీ. అది నా ఇంటి ఏడుపు. కానీ పక్కనే బి ఖేరి పెరటి గది వైపు తిరిగి, లోపలికి వినపడేలా గట్టిగా అంది: "వింటున్నావా జుహురా? సిరప్పు అక్కర్లేదమ్మా! బిగపట్టుకో, ఇంకాస్సేపేగా!"

ఆ గది తలుపు కాస్త తెరుచుకుని ఉంది. గడప మీద జుహురా వేళ్ళు కనపడుతున్నాయి. గోడ మీద ఎండ ఎర్రబడిపోయింది. బాంగుకి ఇంకెంతోసేపు లేదు.

గరిటె పక్కన పెట్టి లేచాను. చేతులు పాకంతో జిగటగా ఉన్నాయి, వాటితోనే తెర పక్కకి లాగాను. మసీదు పెద్దలు, చాపల మీద వరసగా. అందరి ముందూ ఎప్పుడూ 'ఆయన' అనే నా మొగుణ్ణి పేరు పెట్టి పిలిచాను.

"సెఫూ, ఇవాళ పొద్దున నువ్వు సిరప్పు తాగావు కదా. కప్పు నేనే కడిగాను."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.  నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలెట్టలేనని తెలుసు.

"రోజూ తాగుతాడు. నేనూ తాగుతాను. అది తాగుతున్నాం కాబట్టే ఇలా మనుషుల్లా నిలబడి ఉన్నాం. తాగొద్దని ఆ గదిలో పిల్లని మీరంతా కలిసి చంపుతున్నారు."

"దానికి మళ్ళీ మొదలైంది" అన్నాడు సెఫు. గొంతు వణకలేదు, అదే నన్ను భయపెట్టింది. "క్షమించండి పెద్దలూ. పొడి పీల్చి వచ్చినట్టుంది. కళ్ళు చూడండి."

అంతే, నా పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి జరిగారు. పొద్దున్నుంచీ నేను పిండిన పాలు, వేసిన బొండాలు, అన్నీ వాళ్ళ కళ్ళముందే ఉన్నాయి. అయినా ఆయన అన్న ఒక్క మాటకి నేను మళ్ళీ మురుగులోకి వెళ్ళిపోయాను. నా పని అయిపోయిందనుకున్నాను. జుహురా కూడా అయిపోయిందనుకున్నాను.

బి ఖేరి నన్ను చూడలేదు. నేరుగా మా అత్త దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సలామా వదినా, నువ్వు చెప్పు. ఉపవాసం మీదున్నావు, అబద్ధమాడకు. అబద్ధమాడితే ఇవాళ్టి ఉపవాసం మట్టిలో కలిసినట్టే. మీ అబ్బాయి తాగుతాడా?"

మా అత్త నన్ను చూసింది. కొడుకుని చూసింది.  జపమాల పూసలు వేళ్ళమధ్య ఆగిపోయాయి. పొద్దువాలడానికి ఎంతో లేదు, అంత ఆకలితో దాహంతో గడిపిన రోజు ఆవిడకి. పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"పొద్దున్నే వెళ్తాడు" అంది చివరికి, నేల చూస్తూ. "నేనే లేపి పంపిస్తాను."

అప్పుడే బాంగు వినపడింది. ఖర్జూరాల పళ్ళెం వైపు ఎవ్వరి చెయ్యీ వెళ్ళలేదు. సెఫు లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. నా దాకా వచ్చి, అందరూ వినేలా అన్నాడు: "నీకు తలాక్ ఇచ్చాను. నా గడప తొక్కకు." తల్లి భుజం పట్టుకుని బయటికి నడిచాడు. మా అత్త వెనక్కి తిరిగి చూడలేదు.

నేను పెరటి గది వైపు పరుగెత్తాను. జుహురా గడప మీదే కూర్చుని ఉంది, గుప్పిట అలాగే ఉంది.

"నిజమా అక్కా? ఆయన కూడానా?"

"రోజూనే. ఒక్కరోజు తాగకపోతే నీకంటే ఎక్కువ ఏడుస్తాడు."

 వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. చిన్న పొట్లం, చెమటకి తడిసిపోయి ఉంది. నా అరచేతిలో పెట్టింది. పెరట్లో కాలవ నాలుగడుగుల దూరం కూడా లేదు. ఆ నాలుగడుగులూ నడుస్తున్నంతసేపూ నా ప్రాణమంతా ఆ అరచేతిలోనే ఉంది. నోరూరింది. నిజం చెప్తున్నాను, నోరూరింది. కొబ్బరి పిప్పి, కర్రపెండలం తొక్కల నీళ్ళు పారుతున్న కాలవలో గుమ్మరించి, బిందెడు నీళ్ళు పోసేశాను. తిరిగొచ్చేసరికి జుహురా నేల మీద పడి వాంతి చేసుకుంటోంది. తెల్లారేదాకా ఇదింకా పెరుగుతుంది. పొట్లం పారేసినందుకు నన్ను తిడుతుంది కూడా.

బి ఖేరి మంచినీళ్ళ చెంబుతో వచ్చింది. కోడలికి పట్టించింది. నా వైపు చూడకుండానే అడిగింది. "పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి?"

"తెల్లారగానే ఫెర్రీకి. నేను తీసుకెళ్తాను, పెద్దమ్మా."

"నేనూ వస్తాను." చెంబు కింద పెట్టింది. "నువ్వు మాత్రం ఈ రాత్రికి మా ఇంట్లో ఉండటానికి లేదమ్మా. తలాకైనదాన్ని ఉంచుకున్నానంటే వీధిలో తల ఎత్తుకోలేను. మా వాడు ఊళ్ళో లేడు. ఏమీ అనుకోకు."

ఏమనుకుంటాను? వెళ్ళమంటే వెళ్ళడం నాకు కొత్త కాదు. రేపు సిస్టర్ కడ్జోకి కూడా చెప్పాలి, ప్రమాణం తప్పానని. నన్ను పనిలోంచి తీసేస్తుంది, తియ్యాలి కూడా. పెరటి గోడ చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చాను. జుహురా గది కిటికీ కింద, వీధి పొడుగునా సిమెంటు అరుగు ఉంది. మగవాళ్ళు కూర్చుని కాఫీ తాగుతూ లోకం సంగతులు మాట్లాడుకునే అరుగు. ఆడవాళ్ళం దాని ముందు నుంచి కూడా తల వంచుకునే వెళ్తాం. నమాజుకి వెళ్తున్న ఇద్దరు ముసలాళ్ళు చూస్తుండగానే ఎక్కి కూర్చున్నాను. వీపు గోడకి ఆనించాను. ముసలాళ్ళు ఏదో గొణిగి అవతలి వైపు నుంచి వెళ్ళారు.

లోపల నుంచి మూలుగు. ఆ తర్వాత మంచం కిర్రుమంది. కిటికీ చువ్వల దగ్గర గొంతు వినపడింది.

"అక్కా, ఉన్నావా? వెళ్ళిపోయావా?"

"ఉన్నానే. తెల్లారేదాకా ఇక్కడే ఉంటాను, భయపడకు. పోదామన్నా నాకిప్పుడు ఇల్లు లేదుగా."